పట్టు కవరులో ఉక్కపోత

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. ఎందుకుండదు చెప్పండి? స్పీకర్లు ఇచ్చారు, నిజమే. వాటిలోంచి సినిమా పాటలొస్తాయి, ప్రవచనాలొస్తాయి, గుత్తివంకాయ ఎలా వండాలో చెప్పే ఆవిడ గొంతొస్తుంది. నా గొంతు మాత్రం రాదు. ఎక్కడ నొప్పో చెప్పుకునే దారి లేనివాళ్ళకి ఇక మిగిలేది కోపమే కదా.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. ఎక్కడో సముద్రం అవతల, తెల్లటి దీపాల కింద, ముక్కూ మూతీ గుడ్డతో కట్టుకున్న అమ్మాయిలు నాకు మరలు బిగించారు. వాళ్ళకి నా మీద ప్రేమా లేదు, పగా లేదు. చేయాల్సిన పని శుభ్రంగా చేశారు. గాలి లోపలికి రావడానికి నా అడుగున సన్నని చీలికలు పెట్టారు. వేడి బయటికి పోవడానికి పక్కన ఇంకో వరస పెట్టారు. లోపల చిన్న ఫ్యాను ఒకటి బిగించారు. మీకు ముక్కు ఎలాగో నాకు ఆ చీలికలు అలాగ. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. మండపేటలో మా ఇంట్లోవాళ్ళు ఒక్కరూ గుర్తుపెట్టుకోలేదు.

అవును, మాది మండపేట. కాకినాడలో ఒక షాపు అద్దాల బీరువాలో కూర్చున్న నన్ను హైమావతి అనే ఆవిడ కొనుక్కుని తెచ్చుకుంది. ఆవిడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పాపం, ఆ స్కూలు మూతపడింది. వేరే స్కూళ్ళు తిరిగింది. చిన్న వయసువాళ్ళు కావాలన్నారు, ఇంగ్లీషులో దడదడలాడించేవాళ్ళు కావాలన్నారు. ఆఖరికి ఇంట్లో కూర్చుంది. నిన్నటిదాకా "టీచరుగారూ" అన్న వీధి జనం కాస్తా "వీరభద్రంగారి భార్య" అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ మొహం చిన్నబోయేది. అలాంటి సమయంలో విజయవాడలో ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పించే సంస్థ ఒకటి తగిలింది. ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. ఇంట్లోంచే చెప్పుకోవచ్చు. ఆవిడ ఆశంతా ఆ ఒక్క పాఠం మీదే పెట్టుకుంది. ఆ పాఠం భారం నా మీద పెట్టింది.

నన్ను మొదటిసారి తెరిచిన పెద్దమనిషి మాత్రం ఆవిడ కాదు, ఆవిడ భర్త వీరభద్రం. ఆయన రైస్‌మిల్లులో గుమస్తా. అక్కడ బల్ల మీద ఒక కంప్యూటరు ఉంది కాబట్టి లోకంలో ఉన్న కంప్యూటర్లన్నీ తనకి చుట్టాలే అనుకుంటాడు.

"నువ్వు జరుగు హైమా. ఇవన్నీ నేను చూస్తా కదా. ఆయ్, ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాడు.

బుద్ధిగా అడిగాను నేను. ఏ భాష కావాలి అన్నాను. చదవకుండా నొక్కాడు. ఏ దేశం అన్నాను. నొక్కాడు. చాంతాడంత షరతులు చూపించి, ఇవి మీకు సమ్మతమేనా అన్నాను. కన్నెత్తి చూడకుండా సమ్మతమే అన్నాడు. ఆ మనిషి పెళ్ళిచూపులు కూడా ఇలాగే కానిచ్చి ఉంటాడు, ఏదో హైమావతి దొరకబట్టి బతికిపోయాడు. ఇక పాస్‌వర్డ్ సంగతి. ఎవరికీ చెప్పకూడని రహస్యమమ్మా అది అని నేను మొత్తుకుంటుంటే, వంటింట్లో ఉన్న భార్యకి వినపడాలని వీధి అరుగు దాకా వినపడేలా అరిచాడు. పాలుపోసే ఆవిడక్కూడా నా పాస్‌వర్డ్ తెలుసు.

ఆ తర్వాత కొత్త అప్‌డేట్లు ఎక్కించుకుంటూ, దయచేసి నన్ను ఆపకండి అని ఇంతింత అక్షరాలతో రాసి చూపించాను.

"ఇది తిరుగుతూనే ఉందేంటి? హ్యాంగైనట్టుంది," అని బటన్ నొక్కిపట్టి నన్ను ఆపేశాడు.

ఆపకండి అంటే ఆపేశాడు! ఇది మొదటిరోజు నా భోగం. నా తల ప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు శుక్రవారం. వీరభద్రం తల్లి మాణిక్యాంబగారు రంగంలోకి దిగింది. ఆవిడ గురించి చెడ్డగా చెబితే నా నోరు పడిపోతుంది. అంత మంచి మనిషి. నన్ను చంపినంత పని చేసింది ఆవిడే అయినా ఆ మాట మీద నిలబడతాను. స్నానం చేసి, మడిచీర కట్టుకుని, నన్ను పీట మీద కూర్చోబెట్టి, నా మూతకి పసుపు రాసింది. తర్వాత తెర తెరిచి, నుదుటి నడుమ ఎర్రగా, గుండ్రంగా, నిండుగా కుంకుమ బొట్టు పెట్టింది. నాకున్నది ఒక్కటే కన్ను. అది సరిగ్గా అక్కడే ఉంది.

ఆ సాయంత్రం హైమావతి తన స్నేహితురాలికి వీడియో కాల్ చేసి చూసింది. "నువ్వు కనపడటం లేదే, అంతా ఎర్రగా ఉంది," అంది ఆవిడ. కెమెరా పాడైందని ఇంటిల్లిపాదీ కంగారుపడ్డారు. వీరభద్రం ఏవేవో నొక్కి రంగులన్నీ మార్చి నా తెరని ఊదారంగు చేసి పెట్టాడు. ఆఖరికి హైమావతే దగ్గరికొచ్చి చూసి, పకపకా నవ్వి, చీర చెంగుతో నా కన్ను తుడిచింది. నేనూ నవ్వుకున్నాను. ఈ ఇంట్లో బతకొచ్చులే అనుకున్నాను. అమాయకత్వం అంటే అదీ!

ఆ ఇంటి పద్ధతి అప్పటికి నాకు తెలియదు. ఆ ఇంట్లో ఏ వస్తువుకీ ఒంటి మీద బట్ట లేకుండా ఉండే యోగం లేదు. టీవీకి కుచ్చుల కవరు. ఫ్రిజ్‌కి నెత్తిన ఒక కవరు, చేతిపిడికి వేరే కవరు. రిమోటుకి ప్లాస్టిక్ సంచీ. సోఫాకి కొన్ననాటి పాలిథీన్ ఇంకా ఉంది, కూర్చుంటే కరకరలాడుతుంది. గ్రైండరుకి కూడా లంగా కుట్టించి తొడిగారు. ఏదైనా ఇష్టమైన వస్తువు ఇంటికొస్తే మాణిక్యాంబగారు ముందు టేపు తీసి కొలతలు తీసుకుంటుంది. ప్రేమ ఎంత ఎక్కువైతే గుడ్డ అంత మందంగా ఉంటుంది. నా మీద ఆవిడకి ఎక్కడలేని ప్రేమ పుట్టింది. కోడలి ఉద్యోగం దీని వల్లే రావాలి కదా మరి!

బీరువాలోంచి ఉప్పాడ పట్టుచీర ఒకటి తీసింది. ఆవిడ పెళ్ళయిన కొత్తలో వాళ్ళ మావగారు కొన్నదట. చిలకాకుపచ్చ రంగు, జరీ అంచు.

"అయ్యో, అంత మంచి చీర ఎందుకండీ అత్తయ్యగారూ!" అంది హైమావతి.

"నేనింక కట్టుకుంటానా ఏంటే అమ్మాయ్. నువ్వు మళ్ళీ పాఠాలు చెబుతావు చూడు, ఆ బల్ల మీద నా చీర ఉండాలి," అంది ఆవిడ.

హైమావతి కళ్ళు చెమర్చాయి. మిషను మీద టకటకా కుట్టేసింది మాణిక్యాంబగారు. మీటల చోట కిటికీ, తెర చోట కిటికీ, చార్జరు దూరే చోట చిన్న కంత. మిగతా ఒళ్ళంతా పట్టు. అడుగున పట్టు, పక్కన పట్టు. హుక్కులు పెట్టి బిగించింది. నా ముక్కు మూసుకుపోయింది.

ఎంత అందంగా ఉన్నానో! వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. నాకు లోపల మాత్రం ఉడికిపోతోంది. ఫ్యాను గిర్రున తిరుగుతుంది, ఉన్న వేడి గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. కాసేపు ఓర్చుకుంటాను. మరీ ఒళ్ళు కాలిపోతుంటే, ప్రాణం నిలుపుకోవడానికి టక్కున ఆగిపోతాను. నన్ను అలాగే తయారు చేశారు. అది జబ్బు కాదు మహాప్రభో, జాగ్రత్త!

సరిగ్గా విజయవాడ మేడంగారికి పాఠం చెబుతున్న రోజున అదే జరిగింది. ఆవిడ పేరు అనసూయ. నెమ్మదస్తురాలు. హైమావతి భిన్నాలు మొదలుపెట్టి, మంచి ఊపులో ఉండగా నాకు ఊపిరాడక కళ్ళు తిరిగాయి. తెర నల్లబడింది. హైమావతి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. నా నల్లటి అద్దంలో ఆవిడ మొహం ఆవిడకే కనపడింది. అలా ఎంతసేపు చూసుకుందో.

వీరభద్రం పరుగెత్తుకొచ్చి నన్ను మళ్ళీ వెలిగించాడు. అప్పుడు కూడా నేను ఊరుకోలేదండీ. తెర మీద తెల్లటి అక్షరాలతో రాసి చూపించాను. విపరీతంగా వేడెక్కి ఆగిపోయాను, గాలి ఆడే చోట ఉంచండి, ముందుకెళ్ళాలంటే ఏదైనా మీట నొక్కండి అని. అంతకన్నా విడమరిచి ఎవడు చెబుతాడు? ఆయన ఆ ఆఖరి ముక్క ఒక్కటి చదివి మీట నొక్కేశాడు. నా ఒళ్ళు మండిపోయింది. అప్పటికే మండుతోంది, అది వేరే సంగతి.

"వైరస్ హైమా. నూటికి నూరుపాళ్ళూ వైరస్. ఆ వంటల వీడియోల్లోంచి వచ్చుంటుంది," అని తేల్చేశాడు.

"వైరస్సూ కాదు ఏమీ కాదు. మొన్న అంతమంది వచ్చి చూశారు కదా, దిష్టి," అంది మాణిక్యాంబగారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గారు. నేను దగ్గలేను కాబట్టి ఇంకొంచెం వేడెక్కాను.

హైమావతి మాత్రం మేడంగారికి ఫోన్ చేసి బతిమాలుకుంది. "సరేనండీ, ఇంకొకసారి చూద్దాం. కానీ పిల్లల ముందు ఇలా ఆగిపోతే మాకు మాటొస్తుంది. మళ్ళీ ఇలాగే అయితే మాత్రం ఏమీ అనుకోకండి," అంది అనసూయ మేడం. ఇక ఒక్కటే అవకాశం అన్నమాట.

నన్ను బజార్లో ఫణీంద్ర అనే రిపేరు షాపతని దగ్గరికి తీసుకెళ్ళారు. వెళ్ళేముందు ఏం జరిగిందో చెబితే మీరు నమ్మరు. మాణిక్యాంబగారు నా కవరు విప్పేసింది! "షాపుల్లో ఎవరి చేతులు ఎలా ఉంటాయో, పట్టు మాసిపోతుంది," అని విప్పి మడతపెట్టి దాచింది. నేను ఒంటి మీద నూలుపోగు లేకుండా ఫణీంద్ర బల్ల మీద కూర్చున్నాను. ఆహా! గాలి! ఫణీంద్ర నా చేత అన్ని పనులూ చేయించాడు. సినిమా ఆడించాడు, ఆటలు ఆడించాడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలిగించే ఉంచాడు. నేను ఒక్కసారైనా ఆగితే ఒట్టు.

"బండి బంగారంలా ఉందండి. వైరస్ కూడా లేదు," అన్నాడు.

వీరభద్రం చిన్నబుచ్చుకున్నాడు. "మరి ఇంటి దగ్గర ఆగిపోతోందేంటండీ? ఊరికే ఆగిపోతుందా?" అని గద్దించాడు.

ఇల్లు ఎలా ఉంటుంది, ఎక్కడ పెడతారు, మీద ఏమైనా కప్పుతారా అని ఫణీంద్ర అడగాలి కదా? అడగలేదు. బయట ఇంకో బేరం నిలబడి ఉంది. ఏదో ఒకటి చెప్పి పంపాలి కాబట్టి, "దుమ్ము చేరుతుందేమోనండి. కాస్త దుమ్ము పడకుండా చూసుకోండి," అన్నాడు.

ఓరి నాయనా! అది ఏ ఇంటివాళ్ళతో అనాల్సిన మాటరా!

వీరభద్రం ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే మాణిక్యాంబగారు నొచ్చుకుంది. "నాదే తప్పు. హుక్కుల సందుల్లోంచి దుమ్ము పోతున్నట్టుంది," అంది. వెంటనే మిషను ముందు కూర్చుంది. పట్టు కింద పాత బొంత గుడ్డ లైనింగు వేసింది. హుక్కులు పీకేసి, కవరు మళ్ళీ నాకు తొడిగి, నా మీద ఉండగానే సూదీ దారంతో చుట్టూ దగ్గరదగ్గరగా కుట్టేసింది. చీమ దూరే సందు లేదు. నేను లబోదిబోమన్నాను. ఎవరికి వినపడుతుంది? పైగా బల్ల చల్లదనం తగులుతుందని నన్ను ఒక దిండు మీద కూర్చోబెట్టింది. పెళ్ళికొడుకులా ఉన్నాను చూడటానికి.

మర్నాడే పాఠం. పొద్దున్నుంచీ ముసురు. కరెంటు పోతే కోడలికి చెమట పడుతుందని మాణిక్యాంబగారు విసనకర్ర పట్టుకుని కెమెరాకి కనపడకుండా పక్కన కింద కూర్చుంది. "మీరు మాత్రం మాట్లాడకండి అత్తయ్యగారూ, నా బంగారం కదూ," అని హైమావతి ముందే దండం పెట్టింది. వీరభద్రాన్ని మిల్లుకి పంపేశారు. పోనీలెండి, ఒక అపాయం తగ్గింది.

పాఠం మొదలైంది. తెర మీద అనసూయ మేడం, ముగ్గురు పిల్లలు. హైమావతి ఆత్రేయపురం పూతరేకు ఒకటి చేతిలో పట్టుకుంది.

"ఇది ఒక్కటే ఉంది. మీరు ముగ్గురు. ఎవరికీ ఎక్కువ రాకూడదు, ఎవరూ అలగకూడదు. ఏం చేద్దాం?" అంది.

పిల్లలు నవ్వారు. ఒక పిల్ల లెక్క చెప్పింది, ఇంకో పిల్ల కాదంది. హైమావతి మొహం వెలిగిపోయింది. అబ్బ, అలా పాఠం చెబుతుంటే ఆవిణ్ణి చూడాలి! ఇంట్లో గరిటె పట్టుకుని తిరిగే మనిషీ ఈవిడా ఒకరేనా అనిపించింది నాకు. ఈ ఒక్క రోజు ఎలాగైనా నిలబడాలని గట్టిగా అనుకున్నాను. కానీ అనుకుంటే వేడి తగ్గుతుందా? బొంత గుడ్డలో ఉక్క మొదలైంది. ఫ్యాను రొద పెట్టింది. మీటలు కాలుతున్నాయి. హైమావతి వేళ్ళు తీసి, పిల్లలకి కనపడకుండా ఊదుకుని, మళ్ళీ మీటల మీద పెట్టింది. అవతలివాళ్ళ మాటలు తెగి ముక్కలుగా వస్తున్నాయి. ఏం జరగబోతోందో ఆవిడకి తెలిసిపోయింది. అయినా గొంతులో నవ్వు పోనివ్వలేదు.

కోడలు వేళ్ళు ఊదుకోవడం మాణిక్యాంబగారు చూసింది. చెయ్యి చాపి, పసిబిడ్డకి జ్వరం చూసినట్టు, చేతి వెనకవైపు నా పక్కన ఆనించింది. ఉలిక్కిపడి తీసేసింది. మళ్ళీ పెట్టింది. తను వేసిన కుట్లనీ, దిండునీ, బొంత గుడ్డనీ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. "జ్వరంతో ఉన్నదానికి దుప్పట్లు కప్పి కూర్చున్నానా," అని గొణుక్కుంది. కోడలు కంగారుగా వేలు చూపించి మాట్లాడొద్దని సైగ చేసింది.

మాణిక్యాంబగారు లేచి వెళ్ళి మిషను మీది కత్తెర తెచ్చింది. కుట్లు ఒక్కొక్కటీ విప్పే సమయం లేదు. బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, జరీ అంచులోకి కత్తెర దించి, కరకరా కోసేసింది. ఉప్పాడ పట్టు కోస్తుంటే ఆ చప్పుడు వేరుగా ఉంటుంది.

"ఏదో చప్పుడొస్తోందండీ?" అంది అనసూయ మేడం.

"మా అత్తయ్యగారండీ. కుట్టుపని చేసుకుంటున్నారు," అంది హైమావతి, తల తిప్పకుండా.

పక్కన కోసింది. వెనక కోసింది. కోడలు ఒక చేత్తో నన్ను కాస్త పైకెత్తితే అడుగున కోసి, బొంత గుడ్డా దిండూ లాగి అవతల పారేసింది. తర్వాత విసనకర్ర తీసుకుని, ఆ చీలికల దగ్గర పెట్టి, విసరడం మొదలుపెట్టింది. చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చుకుంది. ముసురు గాలి చల్లగా నా లోపలికి వచ్చింది. నా ఫ్యాను రొద తగ్గింది. ముక్కలుగా వస్తున్న మాటలు మళ్ళీ కలిశాయి.

పాఠం అయిపోయేదాకా నేను ఆగలేదు. అనసూయ మేడం పిల్లల్ని పంపేసి, "మీ దగ్గర పిల్లలు బాగా నవ్వుతున్నారండీ. సోమవారం నుంచి మొదలుపెట్టండి టీచరుగారూ," అంది. ఆ ఆఖరి మాట విని హైమావతి రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా కీలు వదులైంది, అక్షరాలు అరిగిపోయాయి, బ్యాటరీ మాట వినదు. నా స్థానంలో కొత్తది వచ్చింది. నన్ను కిటికీ దగ్గర బల్ల మీద పెట్టారు. మాణిక్యాంబగారు ప్రవచనాలు వినడానికి వాడుకుంటుంది. ఒంటి మీద గుడ్డపీలిక లేదు. నాలో ఇప్పుడు దుమ్ముంది, జంతికల పొడుంది, అప్పుడప్పుడు ఒక చీమ కూడా తిరుగుతుంది. చదవకుండా నొక్కే వీరభద్రం చదవకుండానే నొక్కుతున్నాడు. వీళ్ళకి నేను ఏమీ నేర్పలేకపోయాను. ఆ కొత్తదాని పాస్‌వర్డ్ కూడా వీధంతా తెలుసు.

కానీ ఆ రోజు పాఠం అయ్యాక జరిగింది చెప్పకుండా పోలేను. హైమావతి కళ్ళు తుడుచుకుని కిందకి చూసింది. మాణిక్యాంబగారు నేల మీదే కూర్చుని ఉంది. ఒళ్ళో చిలకాకుపచ్చ ముక్కలు. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చడానికి చూస్తోంది, అవి పేరుకోవడం లేదు.

"హైమా," అంది తలెత్తకుండా. "మొదటిసారి నీ పాఠం ఆగిపోయింది... అది కూడా నా వల్లేనా?"

హైమావతికి అంతా తెలుసు. నాకూ తెలుసు. ఆ క్షణంలో నాకు నోరుంటే నిజం చెప్పి ఉండేవాణ్ణేమో. నోరు లేకపోవడమే మంచిదైంది.

హైమావతి కుర్చీ దిగి అత్తగారి పక్కన నేల మీద కూర్చుంది.

"మీ వల్ల కాదండీ అత్తయ్యగారూ. ఎండలు," అంది. "ఈ ఏడు ఎండలు ఎలా ఉన్నాయో చూస్తున్నారుగా."

మాణిక్యాంబగారు కిటికీలోంచి చూసింది. చూరు నుంచి వాన ధార కడుతోంది. వీధిలో మోకాలి దాకా నీళ్ళున్నాయి. ఆవిడ చాలాసేపు ఆ వానని చూసి, కోడలి చెయ్యి పట్టుకుంది.

"అవునే అమ్మాయ్," అంది. "మండిపోతున్నాయి."